మూడో సిలిండర్

పోయిన వారం మనం వర్క్‌షాపులో, బానెట్ ఎత్తిన పాత కారు ముందు ఆగాం. ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన నర్సమ్మ ఇంటి షెడ్డులో తొమ్మిదేళ్ళు తాళం కింద ఉన్న కారది. బుధవారం సాయంత్రం ఆవిడ దాన్ని తాడు కట్టించి లాక్కొచ్చి, "రేపు మధ్యాహ్నం మూడింటికల్లా మళ్ళీ మా షెడ్డులో ఉండాలి" అని ఒకే మాట మీద నిలబడింది. షాపు నడిపే మేస్త్రమ్మ నవ్వేసి, "తొమ్మిదేళ్ళ నిద్ర అమ్మగారూ, లేపడానికే వారం పడుతుంది" అంది. అని, డాష్‌బోర్డులో దీపాలేవైనా వెలుగుతాయేమోనని ఊరికే తాళం తిప్పింది. ఇంజన్ మొదటి తిప్పుకే అందుకుంది.

అది ఒక వింత. బ్యాటరీ చచ్చి ఉండాలి, ట్యాంకులో పెట్రోలు జిగురైపోయి ఉండాలి. అలాంటిది, పక్క గదిలోంచి పిలిస్తే పలికినట్టు పలికింది. అంతకన్నా వింత, నర్సమ్మ ఆశ్చర్యపోకపోవడం. ఆవిడ తల ఒక పక్కకి వంచి, రోగి ఊపిరి వింటున్నట్టు కాసేపు విని, "ఆఁ, ఇదే. ఇలాగే దగ్గుతోంది" అనేసి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

తాళం వేసిన షెడ్డులో కదలకుండా పడి ఉన్న బండి ఎలా దగ్గుతుందో ఆవిడకెలా తెలిసింది? రాత్రంతా మేస్త్రమ్మకి ఇదే గొడవ. తెల్లారి గురువారం, ఎనిమిదిన్నరకే వచ్చి షట్టర్ ఎత్తింది.

లోపల అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. గోడకి సైజు వారీగా వేలాడదీసిన స్పానర్లు, మూలన పాత టైర్ల దొంతర, దాని పక్కన ప్లాస్టిక్ తీగల కుర్చీ. ఆ కుర్చీలో మామయ్య. ఆవిడకంటే ముందే వచ్చి పక్క తలుపులోంచి దూరి కూర్చున్నాడు. ఒకప్పుడు ఈ షాపుకి ఆయనే పెద్దమేస్త్రి. పెళ్ళై వచ్చిన కోడలికి వంటింటి కంటే వర్క్‌షాపే ఇష్టమని మూడో నెలలోనే కనిపెట్టి, చేతిలో స్పానర్ పెట్టినవాడు. కొడుకేమో లారీ ఎక్కి ఊళ్ళు పట్టుకు తిరుగుతుంటే, "పోనీలే, నా విద్య గడప దాటి పోలేదు, గడప దాటి వచ్చింది" అని అందరికీ చెప్పుకునేవాడు. ఇప్పుడు కళ్ళకి పొర కమ్మింది. రెండేళ్ళ నుంచి చేతులు వణుకుతున్నాయి. పని మానేశాడు గానీ కుర్చీ మానలేదు.

నిన్న నర్సమ్మ వచ్చినప్పుడు మాత్రం ఆయన గురక పెట్టాడు. పగటిపూట ఏనాడూ కునుకు తీయని మనిషి.

"మామయ్యా, టీ తాగారా?"

"తాగాను. నువ్వు ముందు దాని సంగతి చూడు."

మేస్త్రమ్మ కారు చుట్టూ ఒకసారి తిరిగింది. పైన దుమ్ము దుప్పటిలా పేరుకుని ఉంది. అద్దాల మీద వేలితో గీస్తే గాడి పడుతోంది. కింద అట్టముక్క పరిచి వెళ్ళింది రాత్రి. దాని మీద అరచేయంత ఆయిల్ మరక. వేలితో అద్ది, వేళ్ళ మధ్య రాసి, వెలుతురులో చూసింది.

తొమ్మిదేళ్ళ నాటి ఆయిల్ తారులా ఉండాలి. ఇది తేనెలా ఉంది.

ఆవిడ వేలు తుడుచుకోలేదు. అలాగే కాసేపు చూస్తూ నిలబడింది. ఆ తర్వాత తల విదిలించుకుని, ఒక్కొక్కటే చూద్దాం అనుకుని, స్టార్ట్ చేసింది.

ఇంజన్ నడుస్తోంది, కానీ కుంటుతోంది. నాలుగు సిలిండర్లనే నాలుగు కాళ్ళ మీద నడవాల్సింది మూడు కాళ్ళ మీద నడుస్తోంది. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొసని ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవికి ఆనించి, కళ్ళు మూసుకుంది. ఇనుములోంచి చప్పుడు నేరుగా ఎముకలోకి వస్తుంది అలా చేస్తే. తర్వాత చేతికి రబ్బరు తొడుగు వేసుకుని, నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గుల వైర్లు ఒక్కొక్కటే పీకి పెట్టడం మొదలుపెట్టింది. మొదటిది పీకగానే ఇంజన్ కుంగింది. పెట్టేసింది. రెండోది పీకితే ఇంకా కుంగింది. నాలుగోది పీకితే ఆగిపోబోయింది. మూడోది పీకింది. ఏ మార్పూ లేదు. ఉన్నా ఒకటే, ఊడినా ఒకటే.

"మూడోది," అంది పైకి.

"మూడోదే," అన్నాడు కుర్చీలోంచి మామయ్య. ఆ మాటలో కనిపెట్టిన సంతోషం లేదు. ముందే తెలిసిన కబురు విన్నట్టు అన్నాడు.

ప్లగ్గు చచ్చిందా, వైరు చచ్చిందా, లోపల వాల్వు కాలిందా? ఆయిల్ కారుతోంది కదా, ముందు దాని దారి పట్టుకుంటే మిగతాది అదే చెబుతుందని మేస్త్రమ్మ లెక్క. ఇంజన్ ఆపి, చల్లారాక, బ్రష్షుతో కిరోసిన్ కొట్టి పైనుంచి కింది దాకా కడిగింది. గాలి పైపుతో ఆరబెట్టింది. అలమారాలోంచి మొహానికి రాసుకునే పౌడరు డబ్బా తీసి ఇంజన్ నిండా చల్లింది. నల్లటి ఇనుము తెల్లగా అయిపోయింది. పెళ్ళికి తయారైన ముసలాయనలా ఉందని నవ్వొచ్చింది ఆవిడకి. మామయ్యకి చెబుదామని తిరిగి, ఎందుకో చెప్పలేదు.

అయిదు నిమిషాలు నడిపింది. తెల్లటి పౌడరు మీద ఆయిల్ కనిపించడం మొదలైంది. ఇంజన్ నెత్తిన టోపీలా బిగించి ఉండే పై కవరు అంచు కిందనుంచి, వెనకవైపు, తేనెరంగు దారంలా సన్నగా బయటికొచ్చింది. ఆగింది. మళ్ళీ కదిలింది. అటూ ఇటూ పోకుండా, దారి తెలిసినదానిలా, నేరుగా మూడో ప్లగ్గు గుంట దగ్గరికి పాక్కుంటూ వెళ్ళి అందులోకి దిగిపోయింది.

సగం దొరికింది. ఆ గుంటలో ఆయిల్ నిండి, ప్లగ్గు తలకాయ మునిగి, నిప్పురవ్వ లోపల పడకుండా బయటికే పోతోందన్నమాట. అది కళ్ళతో చూడాలంటే చీకటి కావాలి. మేస్త్రమ్మ వెళ్ళి షట్టర్ కిందికి లాగేసింది. పక్క తలుపు మూసింది. పైన గాలి కంతకి గోనెసంచి అడ్డం పెట్టింది. బయట పదకొండు గంటల ఎండ కాస్తుంటే లోపల కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి.

తడుముకుంటూ వచ్చి స్టార్ట్ చేసింది.

చీకట్లో ఇంజన్ చప్పుడు ఇంకా దగ్గరగా వినిపిస్తుంది. చూస్తూ ఉండగా మూడో ప్లగ్గు దగ్గర నీలం వెలుగు ఒకటి పుట్టింది. వెంట్రుక అంత సన్నం. ప్లగ్గు మూత అంచునుంచి ఇనుము మీదికి దూకి ఆరిపోయింది. మళ్ళీ దూకింది. చిట్, చిట్, చిట్. ఒక్కో దూకుడికీ వర్క్‌షాపంతా నీలంగా వెలిగి ఆరుతోంది. స్పానర్లు కనిపించి మాయమవుతున్నాయి. టైర్లు కనిపించి మాయమవుతున్నాయి. కుర్చీ కనిపించింది.

మామయ్య నిద్రపోవడం లేదు. పొర కమ్మిన కళ్ళు రెండూ ఇంజన్ మీదే ఉన్నాయి. పెదాలు కదులుతున్నాయి. ఆ చప్పుడు మధ్య వినబడదు గానీ, పెదాల కదలికని బట్టి మేస్త్రమ్మ పోల్చుకుంది. ఆయన లెక్కపెడుతున్నాడు. ఒకటి, రెండు, నోరు మూసుకోవడం, నాలుగు. ఒకటి, రెండు, నోరు మూసుకోవడం, నాలుగు.

ఆవిడ చటుక్కున తాళం తిప్పి ఆపేసి, పరుగున వెళ్ళి షట్టర్ ఎత్తేసింది. ఎండ లోపలికి వచ్చి పడింది. మామయ్య కళ్ళు మూసుకుని గురక పెడుతున్నాడు.

ఇంకేమీ ఆలోచించకుండా ఆవిడ పై కవరు విప్పడానికి కూర్చుంది. మొదటి నట్టు దగ్గరే చెయ్యి ఆగింది. నట్టు చుట్టూ కొత్త గీతలు. స్పానరు సరిగ్గా కూర్చోక జారితే పడే గీతలు. ఒకటి కాదు, నాలుగైదు, గీత మీద గీత. పక్క నట్టూ అంతే. ముందువైపువి గట్టిగా ఉన్నాయి, వెనకవైపువి చేత్తో తిప్పితే వచ్చేలా ఉన్నాయి. ఎవరో నానా తంటాలు పడి బిగించారు. మంచి పని తెలిసినవాళ్ళే. ఏ నట్టు తర్వాత ఏది బిగించాలో ఆ వరసంతా సరిగ్గానే ఉంది. చెయ్యే మాట వినలేదు.

కవరు ఎత్తింది. లోపల కడిగిన గిన్నెలా ఉంది. కవరు అంచుకీ ఇంజన్‌కీ మధ్య ఆయిల్ కారకుండా వేసే ప్యాకింగ్ ఊడి చేతికొచ్చింది. అంగట్లో కొన్నది కాదు. అట్టని కత్తెరతో కత్తిరించి, గ్రీజు రాసి పెట్టినది. వెనకవైపు కత్తిరింపు అడ్డదిడ్డంగా పోయింది, అక్కడే ఆయిల్ దారి చేసుకుంది.

గ్రీజు తుడిచి చూసింది. అట్ట మీద అచ్చులో అంకెలు. పోయినేడాది అట్ట క్యాలెండర్ ముక్క. అంకెల పక్కన నీలం పెన్సిలుతో చేతిరాత. "ఎర్ర వ్యాన్, బ్రేకులు." "డాక్టరుగారి కారు, క్లచ్."

తన చేతిరాత.

తొమ్మిదేళ్ళు తాళం కింద ఉన్న ఇంజన్ కడుపులో, పోయినేడాది తను రాసుకున్న రాత. ఈ గోడకి, ఆ మేకుకి ఏడాదంతా వేలాడిన క్యాలెండర్.

మేస్త్రమ్మ స్టూలు మీద కూలబడింది. భయపడిన మాట నిజమే. కానీ ఆవిడ భయం ఎంతసేపో నిలవదు, చేతిలో పనిముట్టు ఉంటే అసలే నిలవదు. గీతల మీద గీతలు పడ్డ నట్లని చూసింది. వరస తప్పని బిగింపుని చూసింది. అప్పుడు మెల్లగా తల తిప్పి కుర్చీ వైపు చూసింది. ఒళ్ళో పెట్టుకున్న ఆ రెండు చేతులూ, నిద్ర నటిస్తున్నా కూడా, ఆకుల్లా వణుకుతూనే ఉన్నాయి.

"ఏమ్మా, చప్పుడు ఆగిపోయింది?" అన్నాడు మామయ్య కళ్ళు తెరవకుండా.

"ఏం లేదు మామయ్యా. ప్యాకింగ్ పోయింది. కొత్తది కొయ్యాలి."

అడిగేద్దామనుకుంది. నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో గుమ్మంలో గొడుగు ముడిచిన చప్పుడైంది.

నర్సమ్మ లోపలికి వచ్చి, విప్పేసిన ఇంజన్ చూసి, గుండెల మీద చెయ్యి వేసుకుంది. "ఒంటిగంటైంది అమ్మాయ్! ఇంకా ముక్కలు ముక్కలుగా ఉందేంటి? మూడింటికి అక్కడ ఉండాలని చెప్పానా లేదా?"

"చెప్పారు. ఎందుకో చెప్పలేదు."

"నీకెందుకు?"

"డాక్టరు దగ్గరికొచ్చి రోగం దాస్తే ఎలా అమ్మగారూ? మీరు నలభై ఏళ్ళు ఆసుపత్రిలో చేశారు, ఇలాంటివాళ్ళని ఎంతమందిని తిట్టుంటారు!" మేస్త్రమ్మ స్టూలు ముందుకి జరిపింది. "కూర్చోండి. నిన్న స్టార్ట్ చేస్తే 'ఇలాగే దగ్గుతోంది' అన్నారు. తాళం వేసిన బండి దగ్గు మీరెక్కడ విన్నారు?"

నర్సమ్మ కూర్చోలేదు. మూలనున్న కుర్చీ వైపు ఒక్కసారి చూసి, చూపు తిప్పేసుకుంది. గొంతు బాగా తగ్గించి మాట్లాడింది.

"ప్రతి గురువారం వింటాను. మధ్యాహ్నం మూడింటికి. షెడ్డులో ఇంజన్ స్టార్ట్ అవుతుంది. పది నిమిషాలు నడుస్తుంది. ఆగిపోతుంది."

"ఎవరు స్టార్ట్ చేస్తారు?"

"నేను చూడలేదు."

"తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా తలుపు తీసి చూడలేదా?"

"లేదమ్మా. తీస్తే ఆగిపోతుందేమోనని." నర్సమ్మ గొడుగు పిడిని రెండు చేతులా పట్టుకుంది. "మా అన్నయ్యకి ఆ రోజు గుండెల్లో నొప్పి వచ్చింది గురువారమే. మధ్యాహ్నం మూడింటికి. కార్లో కూర్చోబెట్టి తాళం తిప్పాను. గిరగిరా తిరుగుతుంది గానీ అందుకోదు. తిప్పాను, తిప్పాను, చెయ్యి పడిపోయేదాకా తిప్పాను. ఈ షాపుకి ఫోన్ చేశాను, ఎవరూ ఎత్తలేదు. వేరే బండి దొరికేసరికి ముప్పావుగంట. నేను పనిచేసే వార్డులోనే, నా చేతుల్లోనే పోయాడు. తర్వాతి గురువారం మూడింటికి వంటింట్లో ఉన్నాను. షెడ్డులో బండి స్టార్ట్ అయింది. అందుకోనిది అందుకుంది. నేను నేలమీద కూర్చుని ఏడ్చాను. భయపడి కాదు. 'హమ్మయ్య, ఇప్పుడు స్టార్ట్ అయిందిలే అన్నయ్యా' అని."

బయట రోడ్డు మీద ఏదో స్కూటరు పోయింది.

"ఆర్నెల్ల నుంచి ఆ చప్పుడు కుంటుతోంది," అంది నర్సమ్మ. "మొదట్లో కొంచెం. ఇప్పుడు మరీ. నాకు వినబడేది అదొక్కటే కదమ్మా. అన్నయ్యకి ఒంట్లో బాగాలేదేమో అనిపించింది. నవ్వకు. అందుకే తాళం తీసి బండిని బయటికి లాగించాను. ఈ షాపు గడప జన్మలో తొక్కకూడదనుకున్నాను. కానీ ఆ బండి కొన్నప్పటినుంచీ చూసింది ఈ షాపొక్కటే."

కుర్చీ కిర్రుమంది. మామయ్య లేచి నిలబడ్డాడు. గోడ పట్టుకుని రెండడుగులు వేసి, ఇంజన్ దగ్గరికొచ్చి ఆగాడు.

"చెల్లెమ్మా," అన్నాడు.

నర్సమ్మ మొహం రాయిలా అయిపోయింది. "మా అన్నయ్య స్నేహం మీద వచ్చిన ఆ పిలుపు వద్దని ఆ రోజే చెప్పాను."

"చెప్పావు. మీ గుమ్మం తొక్కొద్దనీ చెప్పావు. గుమ్మం తొక్కలేదు. వెనక సందులోంచి వచ్చేవాణ్ణి." ఆయన చేతులు దాచుకోవడానికి చోటులేక వేలాడుతున్నాయి. "ఆ సోమవారమే మీ అన్న బండి తీసుకొచ్చాడు. మిస్సింగ్ వచ్చి ఇంజన్ కుంటుతోంది, ఆయిల్ కారుతోంది, చూడమన్నాడు. ప్లగ్గు తుడిచి ఇచ్చేసి, వచ్చే వారం విప్పుదాంలే అన్నాను. నేను బద్ధకించాను. బండి కాదు మోసం చేసింది, నేను. నీ చేతుల్లో వాడు పోయాడని తెలిసిన రోజు, మీ షెడ్డులో ఈ బండి పక్కన నేల మీద కూలబడి ఒకటే అనుకున్నాను. ఇక ఈ బండి, ఎవరు ఎప్పుడు తాళం తిప్పినా మొదటి తిప్పుకి స్టార్ట్ అవ్వాలి. అంతే. షెడ్డు తాళం జత ఒకటి మీ అన్న ఎప్పుడో నా దగ్గర ఉంచాడు. ఆయిల్ మార్చాను, పెట్రోలు మార్చాను, బ్యాటరీ మార్చాను. ఒంటి మీది దుమ్ము మాత్రం తుడవలేదు, నీకు తెలుస్తుందని."

"మామయ్యా, మరి షాపులో ప్యాకింగ్ షీటు ఉండగా ఈ అట్ట ఎందుకు?" మేస్త్రమ్మ ఊడిన ప్యాకింగ్‌ని పైకెత్తింది.

"షీటు తీస్తే నువ్వు అడుగుతావుగా." ఆయన నవ్వబోయి మానేశాడు. "పోయిన చలికాలం ఈ చేతులతోనే కోశాను. సరిగ్గా రాలేదని కోసినప్పుడే తెలుసు. చెల్లెమ్మా, మూడోది చచ్చింది నా చేతి వణుకు వల్లే. రెండుసార్లూ నేనే."

మేస్త్రమ్మ నర్సమ్మ వైపు చూడడానికి భయపడింది. ఈవిడ గొడుగుతో కొడుతుందా, లేచి వెళ్ళిపోతుందా? నర్సమ్మ అడుగు ముందుకి వేసింది. ముసలాయన కుడిచేతిని తన చేతుల్లోకి తీసుకుని, మణికట్టు దగ్గర పట్టుకుని, వెలుతురు వైపు తిప్పి చూసింది. నలభై ఏళ్ళు ఎన్ని వేల చేతుల్ని పట్టుకుందో అలాగే పట్టుకుంది.

"ఎన్నాళ్ళనుంచి వణుకుతోంది?"

"రెండేళ్ళు దాటింది."

"ఎవరికైనా చూపించారా?"

"లేదు."

"మీరూ మా అన్నయ్యా ఒకటే జాతి. నొప్పి వస్తే చెప్పి చావరు." ఆవిడ కళ్ళు తుడుచుకుంది. చెయ్యి మాత్రం వదల్లేదు. "చిన్నన్నయ్యా, ఒక మాట చెప్తాను విను. తొమ్మిదేళ్ళు నేను బతికింది ఆ చప్పుడు పట్టుకునే. అది వాడు కాదు, నువ్వు అన్నమాట. పోనీలే. ప్రతి గురువారం మూడింటికి తప్పకుండా వచ్చి, నాకోసం పది నిమిషాలు నడిపి వెళ్ళావు. ఇంకేం కావాలి మనిషికి?"

మామయ్య మొహం చిట్లించాడు. "గురువారమా?"

"గురువారమే."

"నేను వచ్చింది ఆదివారాలు చెల్లెమ్మా. నెలకొక్క ఆదివారం. పొద్దున నువ్వు పాత పేషెంట్లని చూడ్డానికి బస్సెక్కి వెళ్ళిపోయాక. నువ్వు ఇంట్లో ఉండగా ఇంజన్ స్టార్ట్ చేసే ధైర్యం నాకెక్కడిది?"

"జోకులెయ్యకు."

"గురువారం మధ్యాహ్నం ఆయన కంటి డాక్టరు దగ్గర ఉంటారండీ," అంది మేస్త్రమ్మ. "మూడేళ్ళనుంచి ప్రతి గురువారం నేనే తీసుకెళ్ళి, నాలుగింటికి నేనే తీసుకొస్తున్నాను. ఈ వారం డాక్టరు ఊళ్ళో లేడు గనక ఇక్కడున్నారు."

నర్సమ్మ మెల్లగా ముసలాయన చెయ్యి వదిలేసింది. గోడ గడియారం వైపు చూసింది. రెండు కావస్తోంది.

"నేను ఇంటికి వెళ్తాను," అంది.

"ఎందుకండీ ఒక్కరూ? బండి ఇక్కడే ఉంది కదా, ఈ రోజు ఏమీ వినబడదు."

"వినబడకపోతే అదీ నేనే వినాలి," అనేసి ఆవిడ గొడుగు విప్పుకుని ఎండలోకి నడిచింది.

ఆ గంటలో మేస్త్రమ్మ చేసినంత పని జన్మలో చేసి ఉండదు. చేతులు ఊరుకుంటే బుర్ర ఊరుకోదని భయం. షీటు పరిచి కొత్త ప్యాకింగ్ కోసింది. ప్లగ్గు గుంటలో ఆయిల్ తోడేసి, తుడిచి, కొత్త ప్లగ్గు, కొత్త వైరు, చుట్టూ కొత్త రబ్బరు రింగు వేసింది. కవరు పెట్టి, మధ్యనుంచి చివరలకి, మామయ్య నేర్పిన వరసలోనే, సమానంగా బిగించింది. మామయ్య పక్కనే నిలబడి నట్లు అందిస్తున్నాడు. రెండుసార్లు నేల మీద పడేశాడు. ఆవిడ వంగి తీసుకుంది.

మూడుకి పావు తక్కువకి స్టార్ట్ చేసింది. ఇంజన్ మంచినీళ్ళు తాగినట్టు నడిచింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మామయ్య నిట్టూర్చాడు. మేస్త్రమ్మ ఆపేసి, తాళం తీసి జేబులో వేసుకుని, చేతులు కడుక్కోవడానికి పంపు దగ్గరికి వెళ్ళింది. ఇప్పుడే బయల్దేరితే మూడుంబావుకి అక్కడుండొచ్చు అనుకుంటోంది.

అప్పుడు మోగింది ఫోను.

"అమ్మాయ్," అంది నర్సమ్మ. గొంతులో కంగారు లేదు. అందుకే భయం వేసింది మేస్త్రమ్మకి. "బండి మీ దగ్గరే ఉందా?"

"నా ఎదురుగానే ఉందండీ. తాళం నా జేబులో ఉంది."

"అయితే ఇది విను."

ఫోను ఎక్కడో ఆనించినట్టు గరగరమంది. తర్వాత ఇంజన్ చప్పుడు. చెక్క తలుపు అవతల, మూసిన గదిలో. పొద్దుటినుంచి స్క్రూడ్రైవర్ ఆనించి ఎముకల్లోకి ఎక్కించుకున్న చప్పుడు అది. వెయ్యి బళ్ళలో పెట్టినా ఆవిడ పోల్చుకుంటుంది. అదే ఇంజన్. కానీ కుంటడం లేదు. మూడోది కూడా పలుకుతోంది, పదిహేను నిమిషాల క్రితం ఇక్కడ పలికినట్టే.

ఎదురుగా కారు చప్పుడు లేకుండా నిలబడి ఉంది.

"కుదిరింది కదూ?" అంది నర్సమ్మ. "ఈ చప్పుడు వినబడుతుండగా తొమ్మిదేళ్ళు తలుపు తీయలేదు. ఇక తీస్తాను."

"వద్దండీ! మేం వస్తున్నాం, ఆగండి, ఒక్క ఇరవై నిమిషాలు..."

తాళం తీసిన చప్పుడు. గడియ జారిన చప్పుడు. తలుపు తెరుచుకోగానే ఇంజన్ హోరు ఒక్కసారిగా ఫోను నిండిపోయింది, మేస్త్రమ్మ ఫోను చెవికి దూరంగా పట్టుకోవలసి వచ్చింది. ఎంతసేపో ఆ హోరు తప్ప ఇంకేమీ లేదు. తర్వాత నర్సమ్మ గొంతు. చాలా మెల్లగా.

"అమ్మాయ్. లోపల ఏ బండీ లేదు. మా అన్నయ్యా లేడు."

"మరి ఎవరున్నారు?"

"మీ మామగారున్నారమ్మా. బండి ఉండే చోట నేల మీద కూర్చుని ఉన్నారు. ఇటు చూడడం లేదు. తొమ్మిదేళ్ళ కిందట ఎలా ఉండేవారో అలాగే ఉన్నారు."

మేస్త్రమ్మ గిర్రున వెనక్కి తిరిగింది. మామయ్య అక్కడే, బారెడు దూరంలో, కారు మీద చెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు. ఫోనులో మాటలన్నీ ఆయనకి వినబడ్డాయి. ఉలిక్కిపడలేదు. అదేమిటని అడగలేదు. పొర కమ్మిన కళ్ళతో కోడలి వైపు చూసి, ఎన్నాళ్ళనుంచో తెలిసిన వాడి గురించి అడిగినట్టు అడిగాడు.

"వాడింకా అక్కడినుంచి లేవలేదా అమ్మా?"